నేను తిప్పిన ముల్లు

పన్నెండేళ్లుగా ఒక సంగతి నా గొంతులో ఎంగిలి మెతుకులా అడ్డం పడి ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. దాని మీదుగానే అన్నం తిన్నాను, నీళ్లు తాగాను, పిల్లలకు పాఠాలు చెప్పాను, బిడ్డ పెళ్లి చేశాను. ఇప్పుడు మీ ముందు ఉమ్ముతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే చెబుతూ చెబుతూ మధ్యలో ఎక్కడో నన్ను నేను మంచివాణ్ణి చేసుకునేవాణ్ణి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

పేరు చెప్పను. ఉండేది ఆదోనిలో. బడిలో లెక్కలు చెబుతాను. పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. మా నాయన గుంట మగ్గంలో దిగి కూర్చుని పొద్దస్తమానం నేసేవాడు. ఆయన కడుపు వీపుకు అంటుకుని ఉండేది. మా అన్న కూడా అంతే. ఆ ఇంట్లో లావుగా పుట్టింది నేనొక్కణ్ణే. నేను గుంటలో కూర్చుంటే నేసిన గుడ్డ చుట్టుకునే కొయ్యకు నా పొట్ట ఆనుకునేది. వీడు మగ్గానికి పనికిరాడు, బడికి పంపండి అన్నాడు మా నాయన. తెలివైనవాణ్ణని చదివించారని ఊళ్లో అనుకుంటారు. నా పొట్టే నన్ను అయ్యవారిని చేసింది.

దీన్ని నవ్వుతూ చెప్పడం కూడా నాకు అలవాటు. లావుగా ఉన్నవాడు తన మీద తానే ముందు జోకు వేసుకోవాలి, అప్పుడు ఎదుటివాడికి వేసే పని ఉండదు. ఈ ఉపాయం నాకు చిన్నప్పుడే తెలిసింది. నా బిడ్డకు తెలియలేదు. నేను నేర్పలేదు.

మా అమ్మాయికి ఒళ్ళు నా నుంచే వచ్చింది. ముఖం తల్లిది, మనసు కూడా తల్లిదే. ఒళ్ళు మాత్రం నాది. ఆమె చిన్నగా ఉన్నప్పుడు విషజ్వరం వచ్చి చావు దాకా పోయింది. అప్పుడు నా భార్య తుంగభద్ర ఒడ్డున ఉన్న మా ఇలవేల్పుకు మొక్కుకుంది. బిడ్డ దక్కితే తులాభారం వేయిస్తాను, బరువుకు బరువు బెల్లం ఇస్తాను అని. బిడ్డ దక్కింది. మొక్కు తీరలేదు. ఒక ఏడు మా నాయన పోయాడు, మైల అన్నారు. ఒక ఏడు ఇల్లు కట్టాము. ఒక ఏడు నది పొంగింది. తర్వాత బడులు, పరీక్షలు. ఏళ్లు గడిచిపోయాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. మొక్కిన నాటి బరువు లెక్కలోకి రాదు. తీర్చే నాడు మనిషి ఎంత తూగితే అంత ఇవ్వాలి. మొక్కు ఆలస్యమైతే బిడ్డతో పాటు మొక్కూ పెరుగుతుందని పెద్దవాళ్లు అంటారు. గుడిలో పెద్ద తక్కెడ ఉంటుంది. ఒక తట్టలో మనిషి కూర్చుంటే, రెండో తట్టలో బెల్లం పెడుతూ పోతారు. మనిషి తట్ట లేచి, బెల్లం తట్ట దిగేదాకా పెట్టాలి. బంధువులంతా చుట్టూ నిలబడి చూస్తారు. చంటిబిడ్డలను కూర్చోబెడితే చూడటానికి ముద్దుగా ఉంటుంది. పదిహేనేళ్ల లావుపాటి ఆడపిల్లను కూర్చోబెడితే ఎలా ఉంటుందో మేము ఆలోచించలేదు.

ఆమెకు పదిహేనేళ్లు వచ్చిన ఏడు ఉగాదికి మా బావమరిది గోనెగండ్ల నుంచి వచ్చాడు. సేద్యం చేస్తాడు. నోరు పెద్దది, మనసు మంచిది. అందరం పంక్తిలో కూర్చుని తింటున్నాము. వచ్చే శ్రావణంలో మొక్కు తీర్చేద్దామని నా భార్య అంది. వాడు వెంటనే అందుకున్నాడు.

"బేగి తీర్చుకో అక్కా. ఇంగో ఏడాది ఆగితే ఆదోని బెల్లం మండీ అంతా మనమే మోసకపోవాల్సొస్తాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా అమ్మాయి చేతిలో ఉన్న ఓళిగను పళ్లెంలో పెట్టేసింది. కొరికిన చోట పూర్ణం కనిపిస్తూ ఉంది. అది ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఆమె నా దగ్గరికే వచ్చింది. తల్లి దగ్గరికి పోలేదు. శ్రావణం లోపల తగ్గాలి నాన్నా, నువ్వు కూడా నాతో తగ్గు, ఇద్దరం కలిసి తగ్గుదాం అని అడిగింది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. మరుసటి రోజే బజారుకు పోయి ఒక కాటా కొనుక్కొచ్చాను. మనిషి ఎక్కి నిలబడితే అద్దం కింద ముల్లు తిరిగే రకం. ముల్లు సున్నా మీద లేకపోతే సరిచేసుకోవడానికి అంచు కింద ఒక చిన్న పళ్లచక్రం ఉంటుంది. బొటనవేలితో తిప్పవచ్చు. ఆ చక్రం సంగతి నాకు కాటా అమ్మిన అంగడివాడు చూపించాడు. ఇంట్లో ఎవరికీ నేను చూపించలేదు. అప్పుడు నా మనసులో ఏ దురాలోచనా లేదు. ఈ మాట రాసి, రాసినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. చూడండి, ఇంకా సాకులే.

మొదట్లో బాగుండింది. తెల్లారేసరికి ఇద్దరం కొండ వైపు రోడ్డు మీద నడిచేవాళ్లం. నేను ఆయాసంతో నిలబడితే ఆమె కూడా నిలబడేది. తను కూడా అలిసిపోయినట్టు నటించేదని నాకు తెలుసు. అన్నం మానేసి జొన్నరొట్టె, ఆకుకూర. ఆదివారం పొద్దున కాటా ఎక్కడం. ముల్లు వంగి చూస్తే తప్ప కనిపించదు, నా పొట్ట మీదుగా నాకు అసలే కనిపించదు. కాబట్టి నా బరువు ఆమె చూసి చెప్పేది, ఆమె బరువు నేను చూసి చెప్పేవాణ్ణి. ఇద్దరికీ తగ్గుతూ వచ్చింది. ఆమె నా కాళ్ల దగ్గర కూర్చుని ముల్లు చూసి, తలెత్తి నవ్వే ఆ నవ్వు కోసం నేను మూడు పూటలూ పస్తు ఉండగలనని అనుకున్నాను.

ఉండలేకపోయాను.

శనివారం బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. అమ్మను చూడటానికి ఎమ్మిగనూరు బస్సెక్కుతాను. అమ్మ దగ్గర మజ్జిగ తాగి, డాక్టరు వద్దన్నాడమ్మా అని చెప్పి, పెట్టిన పళ్లెం తోసేసి మంచివాడిలా లేచేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర ఒక బండి. నానబెట్టి తాలింపు వేసిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. మొదటి శనివారం ఒక్క బజ్జీ. అంతే అనుకున్నాను. తర్వాత ఒక పొట్లం ఉగ్గాని, దాని మీద బజ్జీలు. తర్వాత రెండో పొట్లం. బండి దగ్గర నిలబడి తింటే ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారని, బస్టాండు గోడ వెనక్కి పోయేవాణ్ణి. అక్కడ మూత్రం కంపు. ఆ కంపులో నిలబడి తిన్నాను. నమిలేవాణ్ణి కాదు, మింగేవాణ్ణి. నూనె మోచేతి దాకా కారేది. తినేటప్పుడు నాకు రుచి తెలిసేది కాదు. అయిపోయాక కాగితానికి అంటుకున్న బొరుగులు కూడా ఏరుకుని తిని, ఆ కాగితాన్ని ఉండ చేసి, ఎవరో చచ్చిన ఎలుకను పారేసినట్టు దూరంగా విసిరేవాణ్ణి. బస్సులో మిరపకాయ తేన్పులు వచ్చేవి. ఇంటికి చేరే ముందు సోంపు నమిలి, కుళాయి దగ్గర సబ్బుతో మూతి కడుక్కునేవాణ్ణి. ఇంట్లో నా కోసం ఆమె చేసిపెట్టిన రొట్టె ఉండేది. అదీ తినేవాణ్ణి. కడుపు పగిలిపోతూ ఉన్నా తినేవాణ్ణి. బాగుందమ్మా అనేవాణ్ణి.

మనిషన్నాక నియమం తప్పి పడిపోవడం ఉంటుంది. అది నాకిప్పుడు తెలుసు. తగ్గించుకుంటున్న ఒళ్ళు ఒక వారం దిగుతుంది, ఒక వారం ఆగుతుంది, ఒక వారం ఎక్కుతుంది. నాకు షుగరు చూసే డాక్టరు అప్పుడే చెప్పాడు. ముల్లు రోజుకొక తీరు ఉంటుంది, ఉప్పు తింటే ఎక్కుతుంది, నిద్ర లేకపోయినా ఎక్కుతుంది, దాని మీద పగబట్టకు, ఒక పూట తప్పితే రెండో పూట సరిచేసుకో అన్నాడు. ఎంత మంచి మాట. ఆ మాటను నేను నా కోసం దాచుకున్నాను. బజ్జీ తిన్న ప్రతిసారీ దాన్నే తలచుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను. నా బిడ్డకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒక శనివారం ఇంటికి వచ్చి, తినేసినానమ్మా, ఆగలేకపోయినాను అని చెప్పి ఉంటే ఏమయ్యేది? ఆమె నవ్వేది. అయితే రేపు ఇంకొంచెం దూరం నడుద్దాం అనేది. నాన్న కూడా పడిపోతాడని తెలిస్తే, తను పడిపోయినప్పుడు భయపడకుండా ఉండేది. అంత చిన్న సంగతి. లెక్కలు చెప్పేవాడికి అంత చిన్న లెక్క తట్టలేదా? తట్టింది. తట్టినా చెప్పలేదు.

ఆదివారం ముల్లు మీద నా శనివారం కనిపిస్తుంది కదా. ఆమె చూస్తుంది కదా. అందుకని ఆమె స్నానానికి పోయినప్పుడు చక్రాన్ని కొంచెం తిప్పాను. ముల్లు సున్నాకు కిందికి దిగింది. ఆమె వచ్చి, నేను ఎక్కితే చూసి, తగ్గినావు నాన్నా అంది. ఆ నవ్వే నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత తన వంతు. ఇక్కడ బండలు సమంగా లేవమ్మా అంటూ వంగి, కాటాను పక్కకు జరుపుతూ, చక్రాన్ని వెనక్కి తిప్పాను. తొందరలో తిప్పాను. ఎక్కువ తిరిగింది. ముల్లు సున్నా దాటి నిలబడింది. నేను చూశాను. ఆమె అప్పటికే ఎక్కేసింది.

పోయిన వారం కంటే ఎక్కువ చూపించింది.

ఇక్కడ ఆగి నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. ఆ రోజు పొరపాటున తిప్పానా, కావాలని తిప్పానా? ఆ వేలు నాదే. ఆ వేలికి తెలియాలి. కానీ నాకు నిజంగా తెలియదు. పొరపాటే అని చాలా ఏళ్లు నమ్మాను. పొరపాటే అనుకుందాం. మరి తర్వాతి ఆదివారం? ముల్లును సున్నాకు తెచ్చి ఉంటే ఆమె బరువు ఒక్కసారిగా తగ్గినట్టు కనిపించేది, పిల్ల ఎగిరి గంతేసేది. ఏ అనుమానమూ వచ్చేది కాదు. నేను తేలేదు. నా వంతుకు ఒక వైపు, ఆమె వంతుకు ఇంకో వైపు, తిప్పుతూ పోయాను. ఎందుకు? రాస్తాను. నేను పెరుగుతున్నాను. ఆమె తగ్గుతోంది. చెంపలు తగ్గి ముఖం బయటపడుతోంది, వీధిలో వాళ్లు ఆగి మెచ్చుకుంటున్నారు, ఆ మెప్పు వింటూ పక్కన నేను బజ్జీల తేన్పు మింగుతూ నిలబడి ఉన్నాను. నా సొంత బిడ్డ మీద నాకు కుళ్లు పుట్టింది. తండ్రికి బిడ్డ మీద. ఆమె గెలిస్తే నేను ఓడినట్టు తేలిపోతుంది. ఇద్దరం ఓడితే అది ఒంటి తత్వం, మా వంశం, తలరాత. నాకు తోడు కావాలి. తోడు కోసం బిడ్డను గుంటలోకి లాగాను.

అంతటితో ఆగినా ఏదో ఒకటి అనుకోవచ్చు. ముల్లు బరువు ఎక్కువ చూపించిన రెండో ఆదివారం ఆమె ఏడ్చింది. నేను ఏమీ తినలేదు నాన్నా అంది. అప్పుడు నేను ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, బడి దగ్గర ఎవరికీ తెలియకుండా ఏమన్నా తింటున్నావేమో గుర్తు చేసుకోమన్నాను. ఒళ్ళు అబద్ధం చెప్పదని కూడా అన్నాను. పాఠం చెప్పే గొంతుతో అన్నాను. ఆమె దేవుడి పటం ముందు ఒట్టు వేసింది. నేను ఆ ఒట్టును విని, నమ్మనట్టు తల తిప్పుకున్నాను. నేను గోడ వెనుక తిన్నదంతా ఆమె నోట్లో పెట్టి, ఆమె మూతి తుడిచి, నేను కడిగిన చేతులతో లేచి నిలబడ్డాను.

మరునాటి నుంచి ఆమె రొట్టె సగం చేసింది. తర్వాత పావు. తర్వాత మజ్జిగ. తల్లి అడిగితే నాన్నతో కలిసి తినేశానని చెప్పేది. అబద్ధం చెప్పడం ఎలాగో ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో నేను చెప్పనక్కరలేదు.

శ్రావణం వచ్చింది. తుంగభద్ర నిండుగా పారుతోంది. గుడి ముందు బంధువులందరూ చేరారు. ఇంటి కాటా చెప్పిన లెక్క ప్రకారమే నా భార్య బెల్లం తెప్పించింది. మా అమ్మాయి పరికిణీ ఓణీలో, తల వంచుకుని తట్టలో కూర్చుంది. ముడుచుకుని కూర్చుంది, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఎంత వీలైతే అంత తక్కువ చోటు పట్టేటట్టు. బెల్లం దిమ్మలు పెడుతూ వచ్చారు. నా భార్య మూటలు విప్పుతోంది. మా బావమరిది ఈసారి ఏ జోకూ వేయలేదు, దిమ్మలు అందిస్తూ ఉన్నాడు. ఇంకా పెట్టాల్సింది ఉందనుకుంటూ ఉండగానే మనిషి తట్ట మెల్లగా లేచింది. బెల్లం తట్ట దిగింది. ఒక మూట విప్పకుండానే మిగిలిపోయింది.

నా భార్య సంతోషంతో ఏడ్చింది. ఎవరో గోవిందా అన్నారు. మా అమ్మాయి తట్ట దిగి, ఎవరి వైపూ చూడకుండా, తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఆ విప్పని మూట వైపే చూస్తోంది.

"నాన్నా, బెల్లం మిగిలిందేంది?"

"మిగిలితే ఏమమ్మా. మంచిదే గదా."

"కాదు నాన్నా. మన కాటాలో అంత ఉంటే ఈడ ఇంత తక్కువ ఎట్లా వస్తాది? రెండిట్లో ఏదో ఒకటి తప్పు."

నది గాలి చల్లగా ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఈ లోకంలో ఉండదు. అమ్మా, మన కాటాదే తప్పు, నువ్వు తేలికైనావు అంటే చాలు. చక్రం సంగతి కూడా చెప్పనక్కరలేదు. పాత కాటా, చెడిపోయింది అంటే సరిపోయేది. నా పరువుకు గోరంత నష్టం లేకుండా నా బిడ్డను కాపాడుకునే మాట నా నాలుక మీదికి దేవుడే తెచ్చి పెట్టాడు.

"గుడి తక్కెడ గదమ్మా, అందాజుగా తూస్తారు. ఇంటి కాటానే నిజం."

ఎందుకన్నాను? పన్నెండేళ్లుగా వెతుకుతున్నాను. కాటా చెడిపోయిందంటే బాగు చేయించడానికి ఎవరో దాన్ని తిరగేస్తారని, చక్రం బయటపడుతుందని భయపడ్డానేమో. అలవాటైన నోరు అలవాటుగా కదిలిందేమో. ఆమె తల ఊపింది. సరే నాన్నా అంది. దేవుడి తక్కెడను పక్కన పెట్టి నన్ను నమ్మింది.

తర్వాత జరిగింది చెబుతాను, తొందరగా చెబుతాను. ఆమె మజ్జిగ కూడా మానేసింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకు వచ్చింది. నెలసరి ఆగిపోయింది. ఒక రోజు బడి ప్రార్థనలో నిలబడి నిలబడి పడిపోయింది. కర్నూలులో ఆసుపత్రిలో ఉంచాము. మంచం మీద ఆమె చేయి చూస్తే, చిన్నప్పుడు జ్వరంలో చూసిన చేయి గుర్తుకొచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి, ఈ పిల్లను లావు లావు అని ఎవరన్నారు అని అడిగింది. నా భార్య నా ముఖం చూసింది. నేను ఏం చేశానో తెలుసా? మా బావమరిది పేరు చెప్పాను. పండగ నాటి బెల్లం మండీ మాట చెప్పాను. మాట పొల్లు పోకుండా చెప్పాను. నా భార్య ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడలేదు. వాడు ఆసుపత్రికి వచ్చి, వరండాలో నిలబడి, నేను నోరు జారినాను అక్కా అని ఏడ్చాడు. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను వాడి భుజం మీద చేయి వేసి ఓదార్చాను. ఆ చేయి ఇదే. ఈ రాస్తున్న చేయి.

ఇంటికి రాగానే కాటాను తీసుకుపోయి పాత ఇనుము వాడికి వేశాను. పిల్ల కోసం కాటా పారేసిన మంచి తండ్రినని నా భార్య అందరికీ చెప్పింది.

అమ్మాయి కోలుకుంది. కోలుకుంది అంటే తినడం మొదలుపెట్టింది. తర్వాత ఆగకుండా తింది. తర్వాత మళ్లీ మానేసింది. కాలేజీలో ఒక ఏడు సన్నగా, ఒక ఏడు లావుగా. ప్రతి పెరుగుదలకీ ఏడుపు, ప్రతి తగ్గుదలకీ భయం. హాస్టలు నుంచి నాకే ఫోను చేసేది. మళ్ళీ పెరిగినాను నాన్నా, నేనేమీ తినలేదు, ఒట్టు అనేది. ఆ ఒట్టు వింటే నా చెవిలో సీసం పోసినట్టుండేది. ఇప్పుడిక డాక్టరు చెప్పిన మంచి మాటలన్నీ చెప్పేవాణ్ణి. ముల్లు ఎక్కుతుంది, దిగుతుంది, దాన్ని పట్టించుకోకు అని. చాలా ఆలస్యంగా, చాలా బాగా చెప్పేవాణ్ణి. నువ్వొక్కడివే నన్నెప్పుడూ ఏమీ అనలేదు నాన్నా అని ఆమె ఒకసారి అంది. ఆ రోజు ఫోను పెట్టేసి వాంతి చేసుకున్నాను. పశ్చాత్తాపం అనుకోకండి. ఆ ముందు పూట కూడా గొంతు దాకా మింగి ఉన్నాను.

నేను మాత్రం అప్పటికీ ఇప్పటికీ లావే. ఎన్నోసార్లు తగ్గాను, ఎన్నోసార్లు పెరిగాను. నా ఒంటిని చూస్తే నాకు రోత. కానీ అద్దంలో కనిపించే ఈ కొవ్వు కాదు నన్ను రోతపెట్టేది అని చాలా ఏళ్ల క్రితమే నాకు తెలుసు. ఆ రోతను కొవ్వు మీదికి నెట్టి తప్పించుకుంటూ వచ్చాను.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల. పురిటి ఒళ్ళు కదా, పెరిగింది, అందరికీ పెరుగుతుంది. ఆమె తనతో పాటు ఒక గాజు కాటా తెచ్చుకుంది, అంకెలు వెలిగే రకం. పొద్దున ఎక్కుతుంది. స్నానం చేసి ఎక్కుతుంది. బిడ్డకు పాలిచ్చి ఎక్కుతుంది. తల్లి పెట్టిన పత్యం అన్నం గిన్నె అలాగే తిరిగి వస్తోంది. పాలు తగ్గాయి. చంటిది ఆకలికి పిడికిళ్లు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది. నా భార్య వంటింట్లో కళ్లు తుడుచుకుంటూ, నా మాట వినదు, నీ మాటైతే వింటాది, నువ్వు చెప్పు అంది.

నా మాట వింటుంది. అదే కదా ఆమెను ఇక్కడికి తెచ్చింది.

మొన్న మధ్యాహ్నం ఆమె గదిలోకి పోయాను. నా భార్య కూడా వెనకాలే వచ్చి గడప దగ్గర నిలబడింది. చంటిది నిద్రపోతోంది. మంచి మాటలు కొన్ని నోట్లోకి వచ్చాయి. తోసేశాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను, ఈ ఒంటితో కింద కూర్చోవడం కష్టం, అయినా కూర్చున్నాను. అన్నీ చెప్పాను. బస్టాండు గోడ, బజ్జీలు, చక్రం, రెండు వైపులా తిప్పడం. గుడి తక్కెడే నిజమని చెప్పాను. డాక్టరమ్మకు ఆమె మామ పేరు ఎందుకు చెప్పానో చెప్పాను. నాకు కుళ్లు పుట్టిందని కూడా చెప్పాను.

గడప దగ్గర నుంచి నా భార్య వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

అమ్మాయి గోడ వైపు చూస్తూ కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. చిన్నప్పుడు నోటి లెక్క అడిగితే అలాగే కదిలేవి. లెక్క ముగించి నా వైపు తిరిగింది.

"అయితే నేను ఏడ్చిన ఆ వారం తగ్గింటినా?"

"తగ్గినావమ్మా. ప్రతి వారమూ తగ్గినావు."

చంటిది కదిలింది. ఆమె దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"లేసి పో నాన్నా. పాపకు పాలియ్యాల."

లేవడానికి నాకు మంచం కోడు పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె చూస్తూ ఉంది, చేయి ఇవ్వలేదు. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. నా భార్య అన్నం వడ్డించి పక్కకు పోతోంది. నిన్న తన తమ్ముడికి ఫోను చేసింది. పేరు పలికి ఏడ్చింది. నేను కూడా గోనెగండ్లకు పోవాలి. వాడి గడప దగ్గర నిలబడి ఇదంతా మళ్లీ చెప్పాలి. వాడు కొడితే కొట్టనీ.

అమ్మాయి క్షమిస్తుందా అని మీరు నన్ను అడగవద్దు. నేను ఆమెను అడగలేదు. అడిగితే ఆమె దగ్గర నుంచి ఇంకొకటి లాక్కోవడమే అవుతుంది. ఆమె మళ్లీ ఆ గాజు కాటా ఎక్కుతోందో లేదో నాకు తెలియదు. ఆ గది వైపు పోవడం లేదు. ఈ రెండు రోజులూ ఆమె పళ్లెం ఖాళీగా వస్తోందా, అలాగే తిరిగి వస్తోందా అని వంటింట్లోకి తొంగి చూడాలనిపించింది. చూడలేదు. ఆమె పళ్లెంలోకి చూసే హక్కు నాకు లేదు.

చెప్పేశాను. ఇంక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. నిన్న మధ్యాహ్నం వాకిట్లో కుర్చీలో అలాగే నిద్రపోయాను, పన్నెండేళ్లుగా ఎరగని నిద్ర. లేచాక ఆ నిద్ర మీద కూడా నాకు అసహ్యం వేసింది. అయినా నిద్రపోయాను.